భూకంపం వచ్చు దిక్కు

మా తాళ్ళగుంటలో రైలు పట్టాల మీది వంతెన వంకర తిరగడానికి కారణం మాలకొండయ్య గారి కల్యాణ మండపం. మొదట గీసిన నక్షాలో వంతెన తిన్నగానే ఉండేది. అలా తిన్నగా పోతే మండపంలో భోజనాల హాలు మధ్య నుంచి పోవలసి వస్తుందని తెలిశాక, పై ఆఫీసు వారికి హఠాత్తుగా ఊరి అందచందాలు గుర్తుకొచ్చాయి. వంతెనను మండపం చుట్టూ తిప్పి, ప్రారంభోత్సవం నాడు దానికి ‘నెలవంక వారధి’ అని పేరు పెట్టారు. ఊళ్ళో వాళ్ళు ‘వంకర బ్రిడ్జి’ అంటారు.

పేరేదైనా అది మాకు ప్రాణం. పట్టాలకు ఇవతల ఊరు, అవతల ఆస్పత్రి. వంతెన లేని రోజుల్లో గేటు పడిందంటే గూడ్సు బండి తీరిగ్గా వెళ్ళేదాకా రోగి రోగిగానే ఉండాలి. ఆర్టీసీ డ్రైవరు మస్తాన్ భార్య ఆ గేటు దగ్గరే ఆటోలో ప్రసవించింది. పిల్లకి ఏదో చక్కని పేరే పెట్టుకున్నారు గాని, ఊరంతా ‘గేటు రాణి’ అని పిలుస్తుంది. వంతెన వచ్చాక మా ఊళ్ళో అలాంటి పేర్లు పెట్టే అవసరం రాలేదు.

నేను వంతెనల శాఖ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పేరు ఏడుకొండలు. వచ్చిన కాగితానికి, పోయే కాగితానికి నంబరు వేయడం నా పని. అందుచేత ఈ వ్యవహారమంతా నా చేతుల మీదుగానే నడిచింది. ఎక్కడా నిబంధనలకు విరుద్ధంగా జరగలేదని ముందే మనవి చేస్తున్నాను.

ఆ ఏడు చలికాలంలో మా ప్రాంతంలో భూమి కొంచెం కంపించింది. వంటింట్లో గిన్నెలు మోగాయి, గోడల మీది కేలండర్లు ఊగాయి, అంతే. జనం కాసేపు వీధిలో నిలబడి, ఎవరింట్లో ఏం మోగిందో చెప్పుకుని లోపలికి పోయారు. వారం తిరక్కుండా పై ఆఫీసు నుంచి ఉత్తరువు వచ్చింది: ప్రతి వంతెనా భూకంపాన్ని ఎదుర్కొనుటకు సంసిద్ధముగా నున్నదీ లేనిదీ పరిశీలించి, జతపరచిన నమూనాలో నివేదిక సమర్పించవలెను.

పరిశీలించే పని అసిస్టెంటు ఇంజనీరు, అంటే ఏఈ, హిమబిందు గారి మీద పడింది. ఉద్యోగంలో కొత్త, వయసులో చిన్న. నిచ్చెన వేయించుకుని, చేతిలో టార్చిలైటుతో వంతెన అడుగు భాగం దాకా ఎక్కింది. మా ఆఫీసులో పరిశీలన అంటే జీపు దిగి తలెత్తి చూడడం. ఆవిడ పైకి ఎక్కిందన్న వార్త ఆమె కిందికి దిగేలోపే ఆఫీసంతా పాకింది.

ఆవిడ దిగివచ్చి చెప్పిన సంగతి ఇది. వంతెన పలక, అంటే రోడ్డును మోసే భాగం, స్తంభాల తలల మీద రబ్బరు దిండ్లు వేసుకుని కూర్చుని ఉంటుంది. రెండు కొసల్లోనూ అది కూర్చున్న అంచు మరీ ఇరుకు. మొన్న వచ్చిన చిన్న కంపానికే దిండ్లు బయటివైపు జరిగాయి. గట్టి కంపం వస్తే కొస జారి పట్టాల మీద పడుతుంది. పలక కదలకుండా స్తంభాల తలల మీద కాంక్రీటు అడ్డుదిమ్మెలు పోయాలి, పలకను స్తంభానికి ఇనుప తాళ్ళతో కట్టాలి. పెద్ద పనేం కాదు, మనసు పెడితే ఎండాకాలం లోపల అయిపోతుంది.

ఆ మాటే రిపోర్టులో రాసింది. మా ఆఫీసుకు పెద్ద ఇంజనీరు, ఎస్‌ఈ పానకాలరావు గారు రిపోర్టంతా చదివి, ఆవిడను పిలిపించారు. ఫైలు అందించే నెపంతో నేనూ లోపలే ఉన్నాను.

పానకాలరావు గారు చెడ్డ మనిషి కాదు. లంచం ముట్టరు, కేకలు వేయరు, అందరినీ ‘మీరు’ అంటారు. కాకపోతే కాగితం మీద లేనిది లోకంలో లేదని ఆయన నమ్మకం.

“రిపోర్టు బాగుందమ్మా,” అన్నారాయన. “కానీ ప్రధానమైన అంశం ఖాళీగా వదిలేశారు. భూకంపం ఏ దిక్కు నుంచి వస్తుందో రాయలేదు.”

“ఏ దిక్కు నుంచైనా రావచ్చు సార్.”

“‘ఏ దిక్కు నుంచైనా’ అనే దిక్కు నమూనాలో లేదు. ఎనిమిది గళ్ళు ఇచ్చారు. ఒకదానికి టిక్కు పెట్టాలి.”

“ఎనిమిదింటికీ పెడతాను సార్.”

“అప్పుడు ఎనిమిది భూకంపాలవుతాయి. మనకు పద్దు ఉన్నది ఒక్క భూకంపానికే.”

హిమబిందు గారు వాదించలేదు. నిచ్చెన దిగేటప్పుడు చేతి గాజు ఒకటి విరిగినట్టుంది, ఆ ముక్కను బ్యాగులోంచి తీసింది. సగం గాజు. టేబులు మీద రబ్బరు ముక్కలు రెండు పెట్టి దాన్ని వాటి మీద ఆనించింది. పక్కనే ఇంకో రెండు రబ్బరు ముక్కల మీద నా స్కేలు పెట్టింది.

“ఇది తిన్నని వంతెన సార్. ఇది మనది. చూడండి.”

టేబులు అంచు పట్టుకుని ఊపింది. స్కేలు ముందుకీ వెనక్కీ జరిగి, ఉన్నచోటే ఆగింది. గాజు ముక్క మాత్రం ఊపిన వైపు పోకుండా గిరుక్కున తిరిగి, ఒక కొస జారి కింద పడింది.

“తిన్నని వంతెనకి పొడవు ఒక వైపు, అడ్డం ఒక వైపు సార్. వంపు ఉన్నదానికి ప్రతి స్తంభం దగ్గరా పొడవు వేరు, అడ్డం వేరు. ఎటు ఊపినా మెలి తిరుగుతుంది, బయటికి జారుతుంది. అందుకని అన్ని వైపులా కాచుకోవాలి.”

పానకాలరావు గారు గాజు ముక్కను చాలాసేపు చూశారు. ఆయనకు అర్థమైందని నాకు అనిపించింది.

“బాగుంది,” అన్నారు. “ఇంతకీ టేబుల్ని మీరు ఏ దిక్కు నుంచి ఊపారు?”

“తలుపు వైపు నుంచి సార్.”

“అంటే తూర్పు. ఆ ముక్క రిపోర్టులో ఉండాలి కదమ్మా.”

పని మొదలయ్యేదాకా వంతెన మూసేద్దామని ఆవిడ అడిగింది. మూయాలన్నా కారణం చూపించాలి, కారణం భూకంపం, దాని దిక్కు తేలలేదు కనుక కారణం అసంపూర్ణం అన్నారు ఎస్‌ఈ గారు. మూస్తారన్న పుకారు పుట్టగానే ఊరి జనం కూడా ఆఫీసు ముందుకొచ్చి కూర్చున్నారు. మళ్ళీ గేటు దగ్గర పడిగాపులు పడే ఓపిక ఎవరికీ లేదు. వాళ్ళని చూశాక ఆవిడ కూడా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. రోజూ ఉదయం ఆఫీసుకొస్తూ వంతెన కింద ఆగి, తలెత్తి రబ్బరు దిండ్ల వైపు చూసి వచ్చేది. ఇవాళ్టికి ఉన్నాయన్నట్టు నాకు తల ఊపేది.

దిక్కు తేల్చడానికి పై ఆఫీసు వారు ‘భూకంప దిశా నిర్ధారణ సంఘం’ వేశారు. అధ్యక్షులు పానకాలరావు గారే. సభ్యుల్లో ఒక రెవెన్యూ అధికారి, ఒక వాస్తు సలహాదారు, పట్టణ ప్రముఖుల కోటాలో మాలకొండయ్య గారు. హిమబిందు గారిని ప్రత్యేక ఆహ్వానితురాలిగా వేశారు. అంటే రావచ్చు, మాట్లాడకూడదు.

ప్రజాభిప్రాయ సేకరణ మాలకొండయ్య గారి మండపంలోనే పెట్టారు. ఆ ఉదయమే అక్కడ ఒక పెళ్ళి అయింది. మిగిలిన లడ్లు ప్రజాభిప్రాయానికి పనికొచ్చాయి, హాలు నిండింది.

“ముందుగా తూర్పు,” అన్నారు పానకాలరావు గారు. “అభ్యంతరాలుంటే తెలియజేయవచ్చు.”

“శుభం వచ్చే దిక్కు అది,” అని ఎవరో పెద్దాయన లేచాడు. “అటు నుంచి భూకంపాన్ని రానివ్వడం భావ్యం కాదు.”

తూర్పు కొట్టేశారు. ఈశాన్యం పేరు ఎత్తగానే వాస్తు సలహాదారు కళ్ళు మూసుకున్నారు. “ఈశాన్యంలో బరువు ఉండరాదు. భూకంపం బరువైన విషయం,” అన్నారు. ఉత్తరం వైపు కొత్తగా ప్లాట్లు పడ్డాయి, భూకంపం అటు నుంచి వస్తుందని ప్రకటిస్తే తమ కడుపు కొట్టినట్టేనని స్థలాల వ్యాపారులు చేతులు జోడించారు. దక్షిణం రైలు వాళ్ళ స్థలం. వాళ్ళ అనుమతి లేకుండా మన భూకంపం వాళ్ళ స్థలం మీదుగా రావడం కుదరదని రెవెన్యూ అధికారి తేల్చారు. ఆగ్నేయంలో అగ్నిమాపక కేంద్రం ఉంది, అదే కూలితే మంటలు ఎవరు ఆర్పుతారన్నారు. వాయవ్యం వైపు నుంచి ఎవరూ సభకు రాలేదు గనుక, వారి పరోక్షంలో నిర్ణయం తీసుకోవడం ప్రజాస్వామ్యం కాదన్నారు. పడమర సంగతి వచ్చేసరికి లడ్లు అయిపోయాయి. జనం లేవడం మొదలుపెట్టారు.

అప్పుడు పానకాలరావు గారు గొంతు సవరించుకున్నారు. “నైరుతి రుతుపవనాలు ఏటా నైరుతి నుండియే వచ్చుచున్నవి. అనగా ఆ మార్గము ఇదివరకే వినియోగములో నున్నది. కావున భూకంపమునకు కూడ అదియే అనుకూలమని సంఘము అభిప్రాయపడుచున్నది.”

చప్పట్లు కొట్టారు. మాలకొండయ్య గారు మాత్రం కొట్టలేదు.

“ఎట్టా కుదిరిద్దండీ,” అని లేచారాయన. “బ్రిడ్జికి నైరుతి మూల ఉండేది నా మండపమే. అటు నుంచి వచ్చిద్దంటే ముందు నన్ను తాకి గదా పోయేది. రేపు పెళ్ళిళ్ళోళ్ళు ఎవరొస్తారు నా కాడికి?”

పానకాలరావు గారు ఆలోచించి, మండపాన్ని ‘ప్రథమ రక్షణ కట్టడం’గా గుర్తిస్తామన్నారు. అది రాతపూర్వకంగా ఇస్తారా అని మాలకొండయ్య గారు అడిగారు. ఇస్తామన్నారు. ఆయన కూర్చున్నారు. మర్నాటికల్లా మండపం గేటు మీద ఆ మాట రంగుల దీపాలతో వెలిగింది. నాకు తెలిసి బుకింగులు తగ్గలేదు.

నా పక్కన కూర్చున్న హిమబిందు గారు మెల్లగా అడిగింది, “ఏడుకొండలు గారూ, ఇదంతా నిజంగానే జరుగుతోందా?”

“మినిట్సు రాస్తున్నాను కదమ్మా,” అన్నాను.

నైరుతిని ఖాయం చేస్తూ ఉత్తరువు వచ్చాక ఊరికి కొత్త కళ వచ్చింది. వంతెన మొదట్లో పెద్ద బోర్డు పెట్టారు, ‘భూకంపం వచ్చు దిక్కు’ అని, కింద ఎర్ర బాణం. నైరుతి వైపున్న పడమటిపేట వాళ్ళు మొదట కోపంతో ఊరేగింపు తీశారు. మా పేట నుంచి భూకంపం వస్తుందనడం మమ్మల్ని అవమానించడమే అన్నారు. రెండో రోజుకు వాళ్ళలో ఒక తెలివైన మనిషి ఆలోచన మార్చాడు. భూకంపం వచ్చే దారి ఇన్ని గతుకులతో ఉంటే ఊరికి పరువుండదు కాబట్టి సిమెంటు రోడ్డు వేయమని అర్జీ పెట్టారు. ఏళ్ళ తరబడి రాని రోడ్డు నెల తిరక్కుండా వచ్చింది. అప్పుడు వాయవ్యం వాళ్ళు ఆఫీసుకొచ్చి, తమకు కూడా ఒక చిన్న భూకంపమైనా కేటాయించమని అడిగారు.

బోర్డు పెట్టిన రోజు మస్తాన్ బస్సు ఆపి, కిటికీలోంచి హిమబిందు గారిని పిలిచాడు.

“ఏంది మేడం ఇది? భూకంపం బాణం గుర్తు చూసుకోని వచ్చిద్దా?”

“రాదు మస్తాన్ గారూ.”

“మరి మేం ఏం చెయ్యాల? అద్దంలో అటుపక్కే చూసుకుంటా పోవాల్నా?”

“మీరు మెల్లగా పోండి. ఒక బస్సు దిగాక ఇంకోటి ఎక్కనివ్వండి. మిగతాది నేను చూస్తాను.”

“మీరు చూస్తానంటే సరే,” అని మస్తాన్ గేరు మార్చాడు. ఆ మాట ఆవిడకు బలం ఇవ్వలేదని, బరువు పెంచిందని ఆ పూట ఆవిడ ముఖం చూసి తెలుసుకున్నాను.

తరువాత మంజూరు ఉత్తరువు వచ్చింది. ‘నైరుతి నుండి వచ్చు భూకంపమును నిరోధించుటకు, నైరుతి వైపున ఒక అడ్డుదిమ్మె నిర్మించుటకు అనుమతించడమైనది.’ ఒకటే దిమ్మె. తాళ్ళ ఊసు లేదు. కింద సంతకం పెట్టి, వంతెన భద్రమని ధ్రువీకరించవలసింది హిమబిందు గారు.

ఆ మధ్యాహ్నం ఆవిడ క్యారేజీ తెరిచి పులిహోర ముందు పెట్టుకుని కూర్చుంది, తినలేదు.

“నేను సంతకం పెట్టనండీ. పెట్టకపోతే ఇంకొకరిని వేసి పెట్టిస్తారు. పెడితే ఏ రాత్రీ నిద్ర పట్టదు. ఏది చేసినా బ్రిడ్జి అట్లానే ఉంటుంది.”

నా ఎదుట ఎస్‌ఈ గారి ప్రయాణ భత్యం బిల్లు ఉంది. ఆవిడ మనసు మళ్ళిద్దామని నా గోడు చెప్పుకున్నాను. “మీకు భూకంపం బాధ, నాకు ఈ బిల్లు బాధ. ఆయన క్యాంపుకు వెళ్ళివచ్చారా, వెళ్ళడానికి ఒక లెక్క, రావడానికి ఒక లెక్క విడివిడిగా రాయమంటారు. వెళ్ళినవాడు తిరిగి రాకుండా అక్కడే ఉంటాడా, రెండూ కలిపి రాస్తే ఏం అంటే ఒప్పుకోరు. తిరుగు ప్రయాణం ప్రత్యేకంగా మంజూరు కావాలంటారు.”

హిమబిందు గారు నోటి దగ్గరికి తీసుకున్న ముద్ద అక్కడే ఆపింది.

“మళ్ళీ చెప్పండి.”

“ఏది?”

“తిరుగు ప్రయాణం.”

చెప్పాను. ఆవిడ పులిహోర మొత్తం తినేసి, నాకు కూడా కొంచెం పెట్టి, చేయి కడుక్కుని నేరుగా ఎస్‌ఈ గారి గదిలోకి వెళ్ళింది. నేను ఫైలు వెతుక్కుంటూ వెనకాలే వెళ్ళాను.

“సార్, ఉత్తరువు ప్రకారమే చేద్దామనుకుంటున్నాను. నైరుతి ఒక్కటే. ఇంకో దిక్కు పేరు ఎత్తను.”

పానకాలరావు గారి ముఖం విప్పారింది. “సంతోషమమ్మా.”

“ఒక్క సందేహం సార్. నైరుతి నుంచి వచ్చిన భూకంపం తిరిగి వెళ్ళాలి కదా?”

ఆయన కళ్ళజోడు తీశారు.

“భూమి ఒకసారి అటు ఊగితే మళ్ళీ ఇటు ఊగుతుంది సార్. రాకకు మాత్రమే మంజూరు ఉంది. పోకకు లేదు.”

పానకాలరావు గారి లోపల పాతికేళ్ళ సర్వీసు కదిలింది. “రాకకు మంజూరు చేసి పోకకు చేయకపోవడం...” అని ఆగారు. “ఆడిట్ అభ్యంతరం వస్తుంది. పొరపాటు. తీవ్రమైన పొరపాటు. తిరుగు ప్రయాణానికి రెండో దిమ్మె రాయండి.”

“రాస్తాను సార్. ఇంకొకటి. బ్రిడ్జి వంకరగా ఉంది కదా. మొదటి స్తంభం దగ్గర నైరుతి అంటే బ్రిడ్జి పొడవునే వస్తుంది. మధ్య స్తంభానికి ఏటవాలుగా వస్తుంది. చివరి స్తంభానికి అడ్డంగా తగులుతుంది. దిక్కు ఒకటే సార్, ఒక్కో స్తంభానికి ఒక్కో పక్క. పైగా పలక మెలి తిరుగుతుంది, కాబట్టి పొడవున వచ్చింది కూడా కొసల్ని అడ్డంగా తోస్తుంది. ఒక్క నైరుతిని ఆపాలంటే ప్రతి స్తంభం మీదా నాలుగు పక్కలా దిమ్మెలు కావాలి, కొసలకి తాళ్ళు కావాలి.”

“అన్నీ నైరుతికేనా?”

“అన్నీ నైరుతికే సార్. రాకపోకలు కలిపి.”

ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. తరువాత నేను నెమ్మదిగా అడిగి మరీ తెలుసుకున్నాను. వంకర వంతెనకు ఒక్క దిక్కు నుంచి వచ్చిన ఊపు చాలు, ఆ వంపే దాన్ని అన్ని వైపులకీ పంచుతుందట. పానకాలరావు గారు ఫైలు మీద ఆకుపచ్చ సిరాతో రాశారు: ‘నైరుతి భూకంపము యొక్క స్థానిక అవసరముల దృష్ట్యా అనుమతించడమైనది.’

పని మొదలైంది. ఎండాకాలమంతా ఆవిడ నిచ్చెన మీదే ఉంది. పనివాళ్ళు భోజనానికి దిగినా దిగేది కాదు, దిమ్మెల మధ్య ఎంత సందు వదిలారో తనే చూసుకునేది. ఎండకు పలక సాగుతుంది కనుక దిమ్మె మరీ దగ్గరుండకూడదట, కంపానికి అందాలి గనుక దూరమూ ఉండకూడదట. మాలకొండయ్య గారు రోజూ పనివాళ్ళకు మజ్జిగ పంపేవారు. ప్రథమ రక్షణ కట్టడం తనది గనుక ద్వితీయ రక్షణ బాధ్యత కూడా తనకు కొంత ఉందని ఆయన అనేవారు. తొలకరి పడేలోపు కొసలకు ఇనుప తాళ్ళు బిగించడం పూర్తయింది.

పని పూర్తయినట్టు ధ్రువీకరించడానికి ఎస్‌ఈ గారు స్వయంగా వచ్చారు. మబ్బు పట్టి చల్లగా ఉంది. వంతెన మధ్యలో జీపు ఆపించి దిగారు. ఆయన, హిమబిందు గారు, నేను. దూరంగా మస్తాన్ బస్సు మెల్లగా ఎక్కుతోంది, కిటికీల్లో ఆస్పత్రికి పోయే జనం.

“నైరుతి ఎటమ్మా?” అని అడిగారు ఎస్‌ఈ గారు. ఆవిడ బోర్డు మీది బాణాన్ని చూపించింది. ఆయన అటు తిరిగి, అతిథి కోసం ఎదురుచూసే మనిషిలా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

అప్పుడు వచ్చింది.

మొదట కింద ఎక్కడో లారీ పోతున్నట్టు ఒక గర్జన. తరువాత కాళ్ళ కింది రోడ్డు పక్కకు జరిగింది. నేను రెయిలింగు పట్టుకున్నాను. పట్టుకున్న రెయిలింగు కూడా జరుగుతోంది. వంతెన మూలిగింది, పలక వెళ్ళి ఏదో దిమ్మెకు తగిలి దభీమంది. వెనక్కి వచ్చి ఇంకో దిమ్మెకు తగిలింది. మెలి తిరగబోయింది, కొసల్లో తాళ్ళు బిగిసి కీచుమన్నాయి. సిమెంటు దుమ్ము లేచింది. బాణం బోర్డు ఊడి, బాణంతో సహా కింద పడింది.

పానకాలరావు గారు హిమబిందు గారి భుజం గట్టిగా పట్టుకుని ఉన్నారు. ఆ స్థితిలో కూడా ఆయన అధికారి అధికారే.

“ఏ దిక్కు నుంచి వస్తోందమ్మా?” అని అడిగారు.

“కూర్చోండి సార్,” అంది ఆవిడ. “రోడ్డు మీద కూర్చోండి.”

ముగ్గురం కూర్చున్నాం. మస్తాన్ బస్సు ఆపి, బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. పడమటిపేట నుంచి కుక్కల అరుపులు వినిపించాయి. తరువాత, ఎవరో టేబులు వదిలేసినట్టు, అంతా ఆగిపోయింది.

హిమబిందు గారు లేచి, రెయిలింగు మీదుగా వంగి కిందికి చూసింది. చాలాసేపు చూసింది. మస్తాన్ బస్సు దిగి పరుగున వచ్చాడు.

“మేడం, పడిద్దా?”

“పడదు,” అంది. “దిమ్మెల అంచులు కాస్త రాలాయి, అంతే. పలక ఉన్నచోటే ఉంది. మీరు బస్సు దించేయండి.”

అతను వెనక్కి వెళ్ళి, కిటికీల్లోంచి తొంగిచూస్తున్న జనానికి ఏదో చెప్పాడు. బస్సు కదిలి, వంపు తిరిగి, ఆస్పత్రి వైపు దిగిపోయింది. బస్సు కనుమరుగయ్యాక ఆవిడ రెయిలింగుకు ఆనుకుని అక్కడే కూర్చుండిపోయింది. నవ్వుతోంది. ఎస్‌ఈ గారు జీపులోంచి ఫ్లాస్కు తెప్పించి, మొదటి కప్పు టీ ఆవిడకిచ్చారు. మా ఆఫీసులో అలాంటిది నేను అంతకుముందు చూడలేదు.

ఊళ్ళో పాత గోడలు కొన్ని పడ్డాయి, మనుషులకు ఏమీ కాలేదు. ఆ సాయంత్రం మండపంలో పెళ్ళి కూడా ముహూర్తానికే జరిగింది. వారం తరువాత పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. దాన్ని నేనే విప్పి, నంబరు వేసి, ఎస్‌ఈ గారి ముందు పెట్టాను.

‘విశ్వసనీయముగా తెలియవచ్చిన దాని ప్రకారము ఇటీవలి భూకంపము ఈశాన్య దిక్కు నుండి వచ్చినది. సదరు దిక్కునకు ప్రభుత్వ అనుమతి లేదు. అనుమతి లేని దిక్కు నుండి వచ్చిన భూకంపమును వంతెన ఏ అధికారముతో తట్టుకొన్నది, అందుకై మంజూరుకు మించిన పని జరిగినదా అను విషయమై సంబంధిత ఏఈ సంజాయిషీ సమర్పించవలెను.’

పానకాలరావు గారు హిమబిందు గారిని పిలిపించి మెమో ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ చదివి, మళ్ళీ రాకపోకల ప్రస్తావన తేబోయింది.

“నైరుతి భూకంపం తిరిగి వెళ్ళేటప్పుడు ఈశాన్యం వైపే కదా సార్ వెళ్ళేది. వాళ్ళు చూసింది పోక అయి ఉండవచ్చు.”

“వద్దమ్మా,” అన్నారాయన. మెమో వెనక్కి తీసుకుని, బల్ల మీద బోర్లించారు. “ఇది మీరు రాయవలసింది కాదు. ఏడుకొండలూ, రాసుకోండి.”

ఆయన డిక్టేషను చెప్పేముందు ఎప్పుడూ పాత ఫైలు ముందు పెట్టుకుంటారు, పాత వాక్యాలు చూసి కొత్త వాక్యాలు చెబుతారు. ఆ రోజు ఫైలు అడగలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు.

“పై విషయమై మనవి చేయునదేమనగా, సదరు భూకంపము ఈశాన్యము నుండి గాని, నైరుతి నుండి గాని, మరే ఇతర దిక్కు నుండి గాని వచ్చినది కాదు. కింది నుండి వచ్చినది. ఆ సమయమున నేను పైన ఉంటిని.”

ఆగారు. ఇంకేమైనా ఉందేమోనని నేను కలం పట్టుకుని చూశాను. హిమబిందు గారు నవ్వు కనబడకుండా తల వంచుకుంది.

“అంతే,” అన్నారు పానకాలరావు గారు. “‘పైన’ అన్న మాట కింద గీత పెట్టండి.”

పెట్టాను.